వాలు మాటలు, కొండ చాటు గ్రహణం

లురా దాలమ్ లోయలో మాటలు నాలుగు రకాలు. పెద్దవాళ్ళతో ఎక్కుడు మాట, చిన్నవాళ్ళతో దిగుడు మాట, సాటివాళ్ళతో చదును మాట. ఇంటికొచ్చిన అల్లుడితో మాత్రం వాలు మాట. అల్లుడికి ఏదీ సూటిగా చెప్పకూడదు. చూరు మీద పడ్డ వాన చుక్కలా మాట జారుకుంటూ పోయి ఎక్కడో పక్కన పడాలి. అది తన కోసమేనని అల్లుడు తనంతట తానే తెలుసుకోవాలి.

తెలుసుకోని అల్లుడు దొరికితే ఏమవుతుంది అని ఎవరైనా అడిగితే, ఆ లోయవాళ్ళు ఇప్పటికీ సీదీ మార్లియుస్ వైపు చూస్తారు. ఆయన కూడా తలూపుతాడు.

సీదీ అనేది బిరుదు. పరియామాన్ తీరంలో మగవాడికి తండ్రి వైపు నుంచి వస్తుంది. పెళ్ళయిన రోజు నుంచి అత్తవారింట్లో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అక్కడి మగవాళ్ళందరిలాగే అతనూ పెళ్ళి కాగానే భార్య అస్నిమార్ ఇంటికి కాపురానికి వచ్చాడు. వెంట తెచ్చుకున్నది ఒక కుట్టు మిషను, రెండు జతల బట్టలు, సముద్రం మీద బెంగ. బెంగ కొన్నేళ్ళకు తగ్గింది. మిషను ఇంకా ఆడుతూనే ఉంది. లోయలో సగం మంది పిల్లలు అతను కుట్టిన నిక్కర్లు చింపుకునే పెద్దవాళ్ళయ్యారు.

అల్లుడంటే మోడు మీది బూడిద అని సామెత. గాలి కాస్త గట్టిగా వీస్తే అక్కడ ఉండదు. అందుకని ఆ ఇంట్లో ఎవరూ గాలి వీయనిచ్చేవాళ్ళు కాదు. చేప తలకాయ అతనికే వడ్డించేవాళ్ళు. రెండాంగ్ మాంసం వండితే మెత్తటి ముక్క అతని కంచంలోనే పడేది. పాతికేళ్ళు దాటినా ఆ ఇంట్లో ఒక్కరు కూడా అతన్ని తిట్టలేదు. వినడానికి ఇది భోగంలాగే ఉంటుంది. కానీ వానాకాలంలో బావమరిది దాతుక్ సింపోనో బురద కాళ్ళతో లోపలికొస్తే, అస్నిమార్ అక్క, అంటే వదినగారు, ఉనీ దార్నిస్ "పశువులు కూడా గడప దగ్గర ఆగుతాయి" అని ఇల్లెగిరేలా తిట్టేది. ఆయన వెనక సీదీ అంతే బురదతో వస్తే ఏమీ అనకుండా గుడ్డ తెచ్చి తుడిచేది. దాతుక్ ఆ తిట్లు తింటూ హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. సీదీ ఆయన్ని చూసి లోలోపల అసూయ పడేవాడు. ఎవరికి చెప్పుకుంటాడు? నన్ను తిట్టండి అని అడిగి తిట్టించుకునే మర్యాద ఏ దేశంలోనూ లేదు.

అతని మాట చెల్లే చోటు ఊళ్ళో ఒక్కటే, మసీదులో మైకు. అక్కడ అతను బిలాల్. అజాన్ ఇచ్చేది, నమాజు వేళలు చెప్పేది అతనే. గోడకి ఒక వేళల పట్టిక వేలాడుతుండేది. పట్టిక మీద అతనికి ఉన్న గురి సముద్రం మీద కూడా ఉండేది కాదు. సూర్యోదయం అని అందులో ఉన్న వేళకి సూర్యోదయం అయిందని మైకులో చెప్పేవాడు. బయట చూస్తే ముంగిళ్ళన్నీ నీడలో వణుకుతుండేవి. ఎవరూ కాదనేవాళ్ళు కాదు. సూర్యోదయం మసీదుకు సంబంధించినది, ఎండ బట్టలకు సంబంధించినది అని ఊరు ఎప్పుడో సర్దుకుపోయింది.

ఆ ఏడు గ్రహణం వస్తుందని టీవీలో చెప్పారు. మసీదుకు కొత్తగా వచ్చిన మతగురువు ఉస్తాజ్ హఫ్రిజోన్ యువకుడు, ఉత్సాహవంతుడు. ఈ లోయలో గ్రహణం నమాజు చదివిన గుర్తు ఎవరికీ లేదని తెలిసి, ఈసారి మనం చదువుదామన్నాడు. అయితే ఒక నియమం ఉంది. గ్రహణం ఎక్కడ కంటికి కనిపిస్తుందో అక్కడే ఆ నమాజు. పక్క ఊళ్ళో కనిపించి మన ఊళ్ళో కనిపించకపోతే మనకు లేదు. కాబట్టి మన దగ్గర ఎప్పుడు కనిపిస్తుందో ముందే కనుక్కోవాలి. "బిలాల్ గారూ, వేళల సంగతి మీకు వదిలేస్తున్నాను" అన్నాడు ఉస్తాజ్.

సీదీ ఆ రాత్రి నిద్రపోలేదు. ఇది పట్టికలో లేని వేళ. తనే కనుక్కుని, తనే చెప్పి, ఊరంతటినీ ఒక్క చోటికి చేర్చాల్సిన వేళ. చెప్పింది చెప్పినట్టు జరిగితే, ఫలానా ఇంటి అల్లుడు అనడం మానేసి మన సీదీ అంటారేమోనని ఆశ. అస్నిమార్ ఉంటే ఆ ఆశకి అప్పుడే కళ్ళెం వేసేది. కూతురి పురిటికి ఆమె పడాంగ్ పట్నం వెళ్ళింది. ఆమె ఊళ్ళో ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, ఫోన్లో మాట్లాడ్డానికి టోపీ కూడా పెట్టుకుని, పట్నంలో ఆకాశం లెక్కలు చూసే ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతల ఉన్న అమ్మాయి గొంతు మర్యాదగా ఉంది. ఏ ఊరని అడిగింది. చెప్పాడు. ఆ పేరు తన దగ్గర లేదనీ, కోఆర్డినేట్ చెబితే సరిగ్గా చూసి చెబుతాననీ అంది.

"మా కోఆర్డినేటర్ దాతుక్ సింపోనో గారమ్మా. ఆయన ఇప్పుడు పొలంలో ఉన్నారు. నాతో చెప్పినా ఫర్వాలేదు" అన్నాడు సీదీ.

 తర్వాత ఆ అమ్మాయి దగ్గరలో ఉన్న పట్నం పేరడిగి, దాన్ని బట్టి చెప్పింది. పొద్దున సూర్యుడు పొడిచిన కాసేపటికే మొదలవుతుంది, బడి గంట వేళకి ముప్పావు వంతు కప్పేస్తుంది, ఆ తర్వాత మెల్లగా వదులుతుంది. సీదీ మబ్బుల గురించి అడిగాడు. మబ్బుల సంగతి తను చెప్పలేనంది. చివర్లో ఒక మాట అడిగింది:

"మీకు తూర్పు వైపు అడ్డం ఏమీ లేదు కదండీ?"

"అడ్డం ఎవరు చెప్తారమ్మా. అందరూ ఒప్పుకున్నారు" అన్నాడు సీదీ గర్వంగా.

ఆ రోజు నుంచి లోయకి వేరే వార్త లేకుండా పోయింది. ప్రతి అజాన్ తర్వాతా మైకులో గ్రహణం వేళ, నమాజు వేళ చెప్పేవాడు. ఎవరూ సూర్యుణ్ణి నేరుగా చూడొద్దనీ, ఉస్తాజ్ గారు తెప్పించిన కళ్ళద్దాలతోనే చూడాలనీ చెప్పేవాడు. పొరుగు ఊరి వాళ్ళని కూడా రమ్మన్నాడు. ఈ నమాజుకి అజాన్ ఉండదు, వేరే పిలుపు ఉంటుంది. దాన్ని మిషను తొక్కుతూ సాధన చేశాడు. మబ్బులు పట్టకుండా చూడమని రోజూ వేడుకున్నాడు. సాయంత్రం పడమటి వైపు మబ్బు తునక కనిపిస్తే చాలు, భోజనం సయించేది కాదు.

లోయలో మాత్రం ఒక గుసగుస బయల్దేరింది. బయల్దేరి, మర్యాద ప్రకారం, వాలుగా అతని దగ్గరికి వచ్చింది.

ముందుగా ఉనీ దార్నిస్. భోజనం వడ్డిస్తూ, చేప తలకాయ అతని కంచంలో పెట్టి, తనలో తను అనుకున్నట్టుగా అంది: "మా లోయలో కోళ్ళు కూడా ఆలస్యంగా లేస్తాయి సీదీ గారూ. వాటి తప్పు కాదులెండి, పాపం."

వచ్చే జనానికి కోళ్ళు కొయ్యాల్సి వస్తుందని వదినగారు బెంగపడుతున్నారని సీదీకి తోచింది. అంత శ్రమ వద్దని, వచ్చిన వాళ్ళకి టీ, జిగురన్నం చాలని చెప్పాడు. ఆమె అతని కంచంలో ఇంకో ముక్క వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత దాతుక్. టీకొట్టులో గుడ్డు గిలకొట్టి పోసిన టీ నురగ ఊదుకుంటూ, ఎటో చూస్తూ, "సముద్రం ఒడ్డున పుట్టిన వాళ్ళు అదృష్టవంతులు. ఆకాశం అంచు దాకా కనిపిస్తుంది. మాలాంటి వాళ్ళకి నడినెత్తికి వస్తే తప్ప తెలీదు" అన్నాడు. ఇన్నేళ్ళలో బావమరిది తన ఊరిని మెచ్చుకోవడం అదే మొదలు. సీదీ పొంగిపోయి పరియామాన్ గురించి, పడవల గురించి, ఉప్పుగాలి గురించి టీ చల్లారేదాకా చెప్పాడు. కొట్టులో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వేయించిన అరటిపళ్ళ మీద పడ్డారు.

చివరగా, గ్రహణానికి ముందు రోజు, వాగు దగ్గర దాల్చినచెక్క ఒలిచే ఆడవాళ్ళు. వాగు అవతల పడమటి గుట్ట మీద వాళ్ళు చెక్క ఎండబెడతారు. రేపు గుట్ట మీద ఏమీ ఆరబెట్టడం లేదనీ, చెక్కంతా ఓ మూలకి కుప్ప చేశామనీ, చాపలన్నీ ఊరికే పడి ఉన్నాయనీ, ఎవరికైనా పనికొస్తే పనికొస్తాయనీ చెప్పారు. గ్రహణం నాడు పని మానుకున్న వాళ్ళ భక్తికి సీదీ కళ్ళు చెమర్చాయి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలని దీవించి, మబ్బుల కోసం ఆకాశం చూసుకుంటూ ఇంటికెళ్ళాడు.

పేరుకి సీదీ, మనిషీ సీదాయే. ఊరే వాలు.

తెల్లవారింది. మబ్బు తునక లేదు. కొండ పైన ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. సీదీ ఆనందానికి హద్దు లేదు. మసీదు ముంగిలి నిండిపోయింది. పొరుగు ఊరి వాళ్ళు రెండు వ్యాన్లలో వచ్చారు. మగవాళ్ళు కొత్త లుంగీలు, ఆడవాళ్ళు తల నుంచి పాదాల దాకా తెల్లటి నమాజు బట్టలు. సీదీ మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఉస్తాజ్ కళ్ళద్దాలు పెట్టుకుని ముంగిట్లోకి దిగి, తూర్పుకి తిరిగి, కాసేపు అలాగే నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"బిలాల్ గారూ, సూర్యుడేడీ?"

సీదీ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. కొండ ఎప్పుడూ ఉన్న చోటే ఉంది. ఊరి నెత్తి మీద, నిట్టనిలువుగా, తాతల కాలం నుంచి ఉన్నట్టే. దాని పేరే తిరాయ్, అంటే తెర. గ్రహణం పట్టింది నిజమే. దాని వెనక ఎక్కడో జరుగుతోంది. వెలుతురు నీళ్ళ టీ రంగుకి తిరిగింది. కోళ్ళు గందరగోళపడి మళ్ళీ గూళ్ళలోకి దూరాయి. కనిపించాల్సిన సూర్యుడు మాత్రం కొండ దాటి ముంగిట్లోకి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అప్పటికి గ్రహణం వదిలిపోతుంది.

ఇన్నేళ్ళుగా ఆ కొండ నీడలోనే లేచి, ఆ నీడలోనే పళ్ళు తోముకున్న మనిషికి అప్పుడు అర్థమైంది. పట్టిక చూసి చూసి కిటికీ చూడ్డం మర్చిపోయాడు. తల లోపలికి తీసుకుని మళ్ళీ మైకు ముందు కూర్చున్నాడు. తనలో తను, మెల్లగా, "యా అల్లా... కొండ" అన్నాడు.

మైకు ఆన్‌లోనే ఉంది.

ఆ గొణుగుడు మసీదు మీది నాలుగు హారన్లలోంచి లోయంతా వినిపించింది. అవతలి గుట్టకి తగిలి వెనక్కి కూడా వచ్చింది. కొండ... కొండ... కొండ.

ఎవరూ నవ్వలేదు. అదే అతనికి అన్నిటికంటే బరువుగా తోచింది. మగవాళ్ళు పాదాల వైపు చూసుకుంటున్నారు. ఆడవాళ్ళ వరసలో తెల్లటి ముసుగులు కొద్దిగా ఊగుతున్నాయి, లోపల భుజాలు అదురుతున్నందుకు. అయినా నవ్వు బిగపట్టుకుని ఉన్నారు. అల్లుడు కదా. పొరుగు ఊరి పెద్దాయన మాత్రం దగ్గి, తమ ఊళ్ళో ఇలాంటివి కనుక్కోవడానికి తెలిసినవాళ్ళని పెడతారని గాలికి చెప్పినట్టు చెప్పాడు. కనిపించకపోతే నమాజు లేదు కదా అని ఉస్తాజ్ నెమ్మదిగా అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిరాశే ఉంది. దాతుక్ మీసం దువ్వుకుంటూ వాలు మాట కోసం వెతుకుతున్నాడు. దొరకడం లేదు. సీదీకి ఒకటే అనిపించింది: గాలి ఇప్పుడు వీచింది. ఇక మోడు మీద ఏమీ మిగలదు.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఉనీ దార్నిస్ లేచింది. తెల్లబట్టలు ఎగగట్టుకుని సరాసరి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏం సీదీ, బుర్ర ఉందా నీకు?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ కొండ కిందే లుంగీలు ఆరేస్తున్నావు. ఎండ ఎప్పుడొస్తుందో నీ లుంగీకి తెలుసు, నీకు తెలీదా? వారం రోజులు చెప్పాం. కోళ్ళని పెట్టి చెప్పాం, సముద్రాన్ని పెట్టి చెప్పాం. చెట్టుకి చెప్పినా కాస్త ఒంగేది. ఇంకా ఎంత వాలుగా చెప్పమంటావు, దొర్లి వాగులో పడేదాకానా?"

దాతుక్ "దార్నిస్" అని వారించబోయాడు.

"నువ్వుండు. నీ మాట వాలే కాదు, నున్నగా కూడా ఉంది. అందుకే ఆయన దాని మీద జారిపోయాడు." మళ్ళీ ఇటు తిరిగింది. "గుడ్లప్పగించి చూస్తావేంటి? లే. గుట్ట మీదికి ఎండ ఈపాటికి వచ్చేసి ఉంటుంది. చాపలు నిన్న రాత్రే పరిచి పెట్టాం. ఆ మైకు మూసి, నడు."

ఇక నవ్వు ఆగలేదు. ముందు ఆడవాళ్ళ దగ్గర పొంగి, మగవాళ్ళ దగ్గరికి పాకి, చివరికి ఉస్తాజ్ దాకా వచ్చింది. ఆయన టోపీ సర్దుకునే నెపంతో మొహం దాచుకున్నాడు. నవ్వుతూనే జనం కదిలారు. చెప్పులు దొరికినవాళ్ళు చెప్పులతో, దొరకనివాళ్ళు ఎవరివో వేసుకుని, వాగు మీది వెదురు వంతెన మీదుగా గుట్ట వైపు నడిచారు. సీదీ అందరికంటే వెనక నడిచాడు. చెవులు ఎర్రగా కాలుతున్నాయి. సిగ్గుతోనే అనుకున్నాడు ముందు. వంతెన సగం దాటాక గానీ అందులో వేరే ఏదో కూడా ఉందని తెలియలేదు. ఆమె తనని నువ్వు అంది. ఇంకోసారి గుర్తు చేసుకున్నాడు. అవును, నువ్వు అనే అంది. లోయంతా విన్నది.

గుట్ట మీద ఎండ ఉంది. అరకొర ఎండ, కాస్త వెండి కలిసినట్టుగా. చాపలు వరసలు వరసలుగా, మసీదులో పరిచినట్టే పరిచి ఉన్నాయి. ఒక మూల దాల్చినచెక్క కుప్ప, దాని ఘాటు. కళ్ళద్దాలు చేతులు మారాయి. సూర్యుడు కొండ భుజం మీద, ఎవరో ఒక పక్క కొరికి పెట్టిన అప్పడంలా ఉన్నాడు. ఉస్తాజ్ చూశాడు. తృప్తిగా తలూపాడు. ఇంకా వదల్లేదు, నమాజు చదవొచ్చు, పిలవండి అన్నాడు.

మైకు లేదు. సీదీ చెవుల మీద చేతులుంచుకుని వట్టి గొంతుతో పిలిచాడు. మిషను తొక్కుతూ సాధన చేసిన పిలుపు కాదది. కాస్త వణికింది, అయినా చివరి వరస దాకా చేరింది.

వరసలు నిలిచాయి. గుట్ట అంచున ఉన్న దాల్చిన చెట్ల ఆకుల సందుల్లోంచి వెలుతురు జారి ఆడవాళ్ళ తెల్లబట్టల మీద పడింది. పడిన ప్రతి చుక్కా గుండ్రంగా లేదు, నెలవంకలా ఉంది. వందల నెలవంకలు. వాళ్ళు వంగితే అవీ వంగాయి, లేస్తే అవీ లేచాయి. చివరి వరసలో చేరగిలబడి కూర్చున్న సీదీ అత్తగారు, అమై సారిబానూన్, కళ్ళద్దాలు వద్దని ఒళ్ళోకి చూసుకుంటూ నమాజు చదివింది. గ్రహణం ఆమె ఒళ్ళోనే ఉంది.

ఉస్తాజ్ ప్రసంగం ముగిసేసరికి నెలవంకలు లావెక్కి, చివరికి మామూలు ఎండ చుక్కలైపోయాయి. పొరుగు ఊరి పెద్దాయన సీదీ చేయి పట్టుకుని, ఈ చోటు బాగా ఎంచారు అన్నాడు. ఎంచింది తను కాదని సీదీ చెప్పాడు. మా ఇంటివాళ్ళు అన్నాడు. ఆ మాట అనడం అదే మొదలని అన్నాక తెలిసింది.

వ్యాన్లు వెళ్ళిపోయాయి. సీదీ గుట్ట మీదే ఉండిపోయాడు. రాత్రి ఈ చాపలు ఎవరు పరిచారో, ఎంతమంది దీపాలు పట్టుకున్నారో, తను దీవించి వెళ్ళిపోయాక ఎంత నవ్వుకున్నారో తలుచుకున్నాడు. తనకి అర్థం కాలేదని తెలిసి కూడా, తను పడిపోయే చోట ముందుగానే చాప పరిచి పెట్టారు. అది కూడా తనతో చెప్పకుండా. ఏం చెప్పి రుణం తీర్చుకోవాలో తోచలేదు. ఉనీ దార్నిస్ దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఎక్కుడు మాటల్లో కృతజ్ఞత మొదలుపెట్టాడు: "ఉనీ, తమరు ఇవాళ నా మీద చూపిన దయ..."

"దయా లేదు గాడిద గుడ్డూ లేదు. ఆ కుప్ప ఎవరు పరుస్తారు? నీ గ్రహణం కోసం చెక్కంతా నిన్నట్నుంచి ముడుచుకుని పడుంది, బూజు పడితే అస్నిమార్‌కి నువ్వే చెప్పుకో. పట్టు."

సీదీ కొత్త లుంగీ మోకాళ్ళ పైకి కట్టి కుప్ప దగ్గర కూర్చున్నాడు. ఆ ఇంటి పనిలో అతని చేయి పడనివ్వడం అదే మొదలు. దాతుక్ కూడా వచ్చి పక్కన కూర్చుని, పరియామాన్‌లో కొండలకి టికెట్టు పెట్టి చూపిస్తారా అని అడిగాడు. సీదీ నవ్వాడు. రెండు చెక్కలు పరిచాడు.

"ఎవడైనా తడివైపు కిందికి పెడతాడా? లోపలి వైపు ఎండకి ఉండాలి. కళ్ళున్నాయా?" అంది ఉనీ దార్నిస్ అటు నుంచి.

సీదీ వాటిని సరిగ్గా తిప్పాడు. కాసేపు బుద్ధిగా, చక్కగా పరిచాడు. తర్వాత ఆమె ఇటు చూస్తోందో లేదో ఓరగా చూసుకుని, ఇంకో రెండు చెక్కలు తడివైపు కిందికి పెట్టాడు.